రాగుల వరసలో గోధుమలు

అమ్మ బాణలిలో గోధుమలు వేయిస్తోంది. నేను చేటలో రాళ్లు ఏరి దోసిలి దోసిలిగా అందిస్తున్నాను. పెరట్లో నాయన స్నానం చేస్తున్నాడు. చెంబుతో పోసుకునే నీళ్లు బండ మీద పడే చప్పుడు వినిపిస్తున్నంతసేపే మాకు వ్యవధి. అది ఆగిందంటే బాణలి దిగాలి, గోధుమలు రాగుల డబ్బాలోకి పోవాలి, వేయించిన వాసన ఇంట్లోంచి పోవాలి. వాసన తెలియకుండా అమ్మ నిప్పుల మీద ఇంత సాంబ్రాణి చల్లేది. ఆ ఏడు తన భార్యకు భక్తి ముదిరిందని నాయన నలుగురిలోనూ చెప్పుకున్నాడు.

"చాలు. మాడితే నల్లబడతాయి" అంది అమ్మ.

"నల్లబడితేనే మంచిది గదమ్మా. రాగుల్లో కలిసిపోతాయి."

"నోరు మూసుకోని ఏరు."

మూడు శేర్ల రాగులకు ఒక శేరు గోధుమలు. రెండూ చేత్తో కలిపి డబ్బాలో పోసి, పైన రెండు దోసిళ్లు వట్టి రాగులు పరిచేది. ఎవరైనా మూత తీసినా రాగులే కనపడాలి. ఆ డబ్బా నేను మిల్లుకు మోసుకుపోయి, మిల్లు నడిపే అన్న లేని వేళ చూసి నేనే ఆడించాలి. మిల్లు ఎంతో దూరం లేదు, వంటింటి గోడకు అవతలే.

అది డెబ్బై మూడో సంవత్సరం. వరసగా రెండేళ్లు వాన మొహం చాటేసింది. చెరువు అడుగున మట్టి పెంకుల్లాగ లేచింది. మధ్యాహ్నం గాలికి, బంగారు గని పారబోసిన సైనైడ్ మట్టి దిబ్బల మీది తెల్ల దుమ్ము వచ్చి ఆరేసిన బట్టల మీద, కుండ మూతల మీద, కంటి రెప్పల మీద కూర్చునేది. ఆ వేసవిలోనే గోధుమల టోకు వ్యాపారాన్ని సర్కారు చేతికి తీసుకుంది. "గనులు సర్కారువైనాయి, గోధుమలు సర్కారువైనాయి, ఇంగ మన పెండ్లాలే మిగిలినారు" అని బజారులో మగవాళ్లు నవ్వుకునేవాళ్లు.

మా ఇల్లు కోలారు బంగారు గనుల దగ్గర కోరమండల్‌లో, గని కార్మికుల ఇళ్ల లైన్లకు ఎదురుగా రోడ్డు వారన. ముందు గదిలో నాయన వెంకటేశయ్య నడిపే రేషన్ డిపో. దాని వెనక పిండి మిల్లు. దాని వెనక మేము. మిల్లు మా అన్న ప్రాణేశ్ నడిపేవాడు. నంగలిలో అవ్వ దగ్గర ఉండి పదో తరగతి ముగించి వచ్చిన నాకు మిల్లు పుస్తకం అప్పగించారు. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని, నోరు తక్కువని.

ప్రతి శనివారం కోలారు ఆఫీసుకు రెండు కాగితాలు పోవాలి. ఒకటి నాయనది: గోధుమలు ఎన్ని మూటలు వచ్చాయి, ఎన్ని కార్డుల మీద ఇచ్చాము, ఎన్ని మిగిలాయి. రెండోది నాది: మిల్లులో ఏ ధాన్యం ఎంత ఆడింది. ఎంత వచ్చిందో డిపో చెప్పాలి, ఎంత తిన్నారో మిల్లు చెప్పాలి. అన్ని ఊళ్ల కాగితాలూ కూడి, జిల్లాకు ఇంకెంత గోధుమ కావాలో అక్కడ ఎవరో తేలుస్తారు. నాకు అంతవరకే తెలుసు.

మిల్లులో గోధుమకు వేరే వరస ఉండేది. రాగులు ఆడిన రాళ్లలో గోధుమ పోస్తే పిండి నల్లగా దిగుతుంది. అందుకని గురువారం ఒక్కనాడు రాళ్లు తుడిచి గోధుమలు ఆడేవాళ్లం. ఆ వరసలో నిలబడేది ఆఫీసర్ల బంగళాల పనివాళ్లు, ఒకరిద్దరు టీచరమ్మలు. తక్కిన దినాలన్నీ రాగుల వరసే.

"ఏం తెచ్చినావు తాయమ్మక్కా?"

"ఇంగేం తెస్తాను అమ్మణ్ణీ, రాగులే" అనేది తాయమ్మ, వెనకవాళ్లకు వినపడేటట్టు. లైన్లలో మూడో ఇల్లు ఆమెది. మొగుడు గనిలో లోపలి పని.

"మీ ఇంట్లో రాగులకు కరువు లేదుగదా" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

"ఆ, ఎందుకుంటాది? మా ఆయన ఐదు వేల అడుగులు దిగేటోడు. ఆ ఓడల్లో వచ్చిన గోధుమ తిని దిగితే మళ్లా ఎక్కి వస్తాడా? పైకి లాగేదానికి ఇంగొక గిరక కావాల!"

అందరూ నవ్వారు. అన్న డబ్బా అందుకుని మిల్లు నోట్లో వంచాడు. పైన ఉన్న రాగులు జారిపోయాక ఎర్రగా, లావుగా గోధుమలు దొర్లాయి. సగానికి సగం. రాయి గొంతు మారింది. రాగులకు ఒక చప్పుడు, గోధుమకు ఒక చప్పుడు. కింద కట్టిన గుడ్డ గొట్టంలోంచి పిండి వేడిగా, బరువుగా దిగింది. తాయమ్మ నా కళ్లలోకి చూసింది. నేను తల వంచి 'తాయమ్మ, రాగులు' అని రాసి బరువు వేశాను.

అందరికీ అంతే. ఎవరి డబ్బాలో ఎంత ఉందో నాకు తెలుసు. తమ డబ్బాలో ఉందని ఎవరికి వాళ్లకు తెలుసు. పక్కవాళ్ల డబ్బాలో ఉందని మాత్రం ఎవరూ అనుకునేవాళ్లు కాదు. రాగి ముద్దలో గోధుమ కలిపారంటే ఆ ఇంట్లో రాగుల గాదె అడుగు కనపడిందని అర్థం. అట్లాంటి ఇంటి పిల్లను ఎవరు చేసుకుంటారు, ఆ ఇంటికి పిల్లను ఎవరిస్తారు? అడక్కుండా రాయడం మర్యాద అనుకున్నాను. నంగలి బడిలో అయ్యవారు నాకు అబద్ధం రాయడం నేర్పలేదు. అది అబద్ధమని కూడా నాకు తోచలేదు.

*

మా ఇంట్లో ఉగాదినాడు జరిగింది చెప్పాలి.

అన్న భార్య వత్సల వదినది మాస్తి ఊరు. పెళ్లయి రెండేళ్లు. మాట మెత్తన, పని చురుకు. పుట్టింటి నుంచి సన్నకన్ను జల్లెడ ఒకటి తెచ్చుకుంది. చుట్టూ ఇత్తడి రేకు. దాన్ని ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు, నన్ను తప్ప.

ఉగాదికి నాయనకు పెదనాయన వరసైన నంజుండప్ప తాత నంగలి నుంచి వచ్చాడు. పండగ ఓళిగలు తిన్నాక కూడా ఆయనకు ముద్ద ఉండాలి. నాయన ఆయన పక్కన కూర్చుని, ఎప్పుడూ అనే మాటే అన్నాడు: "రాగి తిన్నోడు నిరోగి." తాత ముద్ద తుంచబోయాడు. అది తెగలేదు, జిగురులాగ సాగి వేళ్లకు అంటుకుంది.

"ఏం వెంకటేశా, డిపో సరుకు ఇంట్లోకే దించుకుంటా ఉండావా?" అన్నాడు తాత నవ్వుతూ.

నాయన ముఖం మాడిపోయింది. "ముద్ద ఎవరు చేసినారు?"

"నేనే మామా" అంది వదిన. ముద్ద గెలికింది ఆమే.

"పిండిలో గోధుమ కలిపింది?"

వదిన అమ్మ వైపు చూసింది. అమ్మ చారు గిన్నెలో గరిటె తిప్పుతూ ఉంది. గిన్నె అడుగున ఏదో వెతుకుతున్నట్టు తిప్పుతూనే ఉంది. ముందరి నెలలో రాగుల గాదె తుడిచి చూసి, గోధుమ కొలిచి కలిపింది అమ్మ. నేను వాకిట్లో నిలబడి ఉన్నాను. నాకూ తెలుసు.

"నేనే" అంది వదిన.

"నా పరువు పిండిలో వేసి పిసికినావు" అన్నాడు నాయన. గొంతు పెంచలేదు. "నేను అమ్మేది గోధుమ. తినేది రాగి. ఈ ఇంట్లో పొయ్యి మీద గోధుమ ఎక్కదు. మాస్తిలో కొన్నాళ్లుండి రాగి విలువ తెలుసుకోని రా."

మర్నాడు పొద్దున్నే అన్న ఆమెను బస్సులో తీసుకుపోయాడు. సాయంత్రం ఒక్కడే వచ్చి బెల్టు బిగించి మిల్లు తిప్పాడు. తిరిగి రావాలంటే నాయన నోటితో పిలవాలి. నాయన పిలవలేదు. అన్న అడగలేదు. అన్నకు కూడా భార్య మీద కోపమే ఉండేది. చెప్పకుండా కలిపిందని, తాత ముందర తల వంచాల్సి వచ్చిందని. ఒకసారి నాతో అన్నాడు: "నాకైనా చెప్పుంటే సరిపోయేది గదా." ఆ ముక్కకు బదులు నా నాలుక చివరి దాకా వచ్చింది. అమ్మ వంటింట్లోంచి పిలిచింది, లేచిపోయాను.

వదిన పోయిన వారానికి అమ్మ మళ్లీ గోధుమ కొలిచింది. ఉగాదినాడు చేసిన తప్పు అమ్మకు అర్థమైంది. అంతదాకా కలిపింది కొంచెమే గనక బయటపడలేదు; ఆనాడు ఎక్కువ పడింది, పైగా గోధుమ వేయించలేదు, పిండి జల్లించలేదు. ఇప్పుడు వేయించింది. మేకుకు వేలాడుతున్న వదిన జల్లెడ దించి, పిండిని దాంట్లో జల్లించి పొట్టు తీసేసింది. నాయన ముద్ద తుంచి, చారులో ముంచి, మింగి, "ఇదీ ముద్దంటే. ఆ పిల్లకు చేత కాలేదు" అన్నాడు. అన్న తల ఎత్తకుండా తిన్నాడు.

*

ఆషాఢం మొదట్లో కోలారు ఆఫీసు నుంచి రామచంద్ర అనే ఆయన వచ్చాడు. వయసు ముప్పై లోపే. చంకలో కాగితాల కట్ట. కుర్చీ వేస్తే చివర్న కూర్చున్నాడు. మజ్జిగ ఇస్తే రెండు చేతులతో అందుకున్నాడు. చెడ్డమనిషి కాడు. అది చెప్పకపోతే తప్పవుతుంది.

"వెంకటేశయ్యగారూ, మీ డిపోలో నెలకు ఇరవై రెండు మూటల గోధుమ ఇస్తా ఉండారు. రెండువందల డెబ్బై ఐదు కార్డులు. సరేనా?"

"సరే."

"మీ మిల్లులో నెలకు గోధుమ ఆడేది రెండు మూటలు. ఇది మీ అమ్మాయి రాసిందే." నా పుస్తకం తిప్పి చూపించాడు. "ఇంగ ఇరవై మూటలు యాడికి పోయినాయి?"

నాయన నవ్వాడు. "తిన్నారప్పా. మనుషులు గదా."

"పిండి ఆడకుండానా?"

"రవ్వ దంచుకుంటారు, ఉడకేసుకుంటారు. నాకేం తెలుసు? సరుకు కొలిచి ఇచ్చేదే నా పని."

రామచంద్ర కాగితాల కట్ట విప్పాడు. "నాయన పుస్తకం ఒకటి చెప్తాది, బిడ్డ పుస్తకం ఒకటి చెప్తాది. నేను ఏది పైకి పంపేది? మీ సొంతూరు నంగలి అంట గదా?"

నంగలి దాటితే ఆంధ్ర. అక్కడ చెక్‌పోస్టు ఉంది. సరుకు దొంగచాటుగా దాటేది ఆ దారినే.

"ఈ లెక్క సరిపోయేదాకా ఇంగ గోధుమ రాదు" అని రామచంద్ర లేచాడు. పోయేముందు కాగితాలు మళ్లీ కట్టుకుంటుంటే, పక్కన నిలబడ్డ నాకు ఒక పుట కనపడింది. దాని నెత్తిన 'రాగులు' అని ఉంది. కోరమండల్‌కు నెలకు వచ్చిన రాగులు అరవై రెండు మూటలు. నాకు అంకెలు ఒకసారి చూస్తే పోవు. అదొక జబ్బు.

గోధుమ ఆగిపోయింది. మొదటి వారం జనం వచ్చి, లారీ ఇంకా రాలేదా అని అడిగి పోయారు. రెండో వారం డిపో మెట్ల మీద కూర్చున్నారు. మూడో వారం మాటలు మొదలైనాయి.

"లారీ మన రోడ్డు మీద ఎందుకొస్తాది? నేరుగా నంగలికే పోతాది."

"డిపో సెట్టి బిడ్డను నంగల్లోనే పెంచినారు. దావ తెలుసు గదా!"

నాయన త్రాసు తుడుస్తూ కూర్చునేవాడు. తూచేదానికి ఏమీ లేకపోయినా తుడిచేవాడు. గోధుమ లేని నెలలో మిల్లుకు వచ్చే డబ్బాలు తేలికైనాయి. తాయమ్మ డబ్బా సగమైంది. ఆమె కడగొట్టు పిల్ల మిల్లు గడప దగ్గర రాలిన పిండి వేలితో అద్దుకుని నాకడం రెండు దినాలు చూశాను.

నాయన ఒకరోజు సిగ్గు విడిచి వరసలో ఉన్న ఆడవాళ్లను అడిగాడు. "అమ్మా, మీరు తీసుకపోయిన గోధుమ ఏం చేసినారో ఆయనకు చెప్పండమ్మా. తిన్నామని చెప్పండి, చాలు."

"మేమా?" అంది తాయమ్మ. "మేం ఎప్పుడూ రాగులే తినేది సెట్టిగారూ. గోధుమ మా ఇంట్లో వాళ్లకు పడదు. కోళ్లకు వేసినామేమో."

పక్కామె తాయమ్మను చూసి తనూ అట్లే అంది. ఆ పక్కామె కూడా. రామచంద్ర లైన్లలో పదిహేడు ఇళ్లు తిరిగాడు. పదిహేడు ఇళ్లలోనూ రాగులే అన్నారు. పక్కింటామె గుమ్మంలో నిలబడి వింటుంటే ఇంకేం చెబుతారు?

ఆ సాయంత్రం నేను మిల్లు పుస్తకం ముందరేసుకుని కూర్చున్నాను. గోధుమ ఆగకముందు నెలలో నేను రాగులని రాసింది కూడితే ఎనభై రెండు మూటలు వచ్చింది. ఊరికి వచ్చింది అరవై రెండు. రెండేళ్లుగా వాన లేదు. రాకుండానే ఇరవై మూటల రాగులు నా పుస్తకంలో ఆడినాయి. కనపడకుండా పోయిన గోధుమ కూడా ఇరవయ్యే. గోధుమ పుట ఒక పక్క, రాగుల పుట ఒక పక్క. ఆ రెండూ ఎవరూ దగ్గర పెట్టి చూడలేదు.

అమ్మకు చెప్పాను. అమ్మ పొయ్యి ముందర కూర్చుని చాలాసేపు విన్నది.

"చెప్తే ఏమవుతాది?" అంది.

"నాయన దొంగ కాదని తెలుస్తాది. గోధుమ వస్తాది."

"మన ఇంటి సంగతి కూడా అడుగుతాడు గదా."

"అడుగుతాడు."

"ఊరందరిదీ చెప్పు" అంది అమ్మ. "మనది మాత్రం వద్దు. ప్రాణేశ్‌కు తెలిస్తే..." అంటూ ఊదుగొట్టం అందుకుంది. "నీకు తెలుసు గదా కుముదా" అంది. పొయ్యిలో మంట లేదు. అయినా ఊదింది.

*

శ్రావణం మొదటి వారంలో రామచంద్ర మళ్లీ వచ్చాడు. ఈసారి కూర్చోలేదు. మిల్లులో నిలబడ్డాడు. అన్న బెల్టు మీద చేయి ఆనించి ఒక పక్కన ఉన్నాడు. బయట ఆరేడుమంది ఆడవాళ్లు డబ్బాలతో. వంటింటి తలుపు సందున అమ్మ చీర కొంగు కనపడుతోంది.

"ఇదే కడపటి మాట వెంకటేశయ్యగారూ. ఇరవై మూటలు ఏమైనాయో చెప్తారా? లేదంటే సరుకు బయటికి పోయిందని రాయాల్సి వస్తాది. డిపో మీ చేతిలో ఉండదు. ఆ పైన నా చేతిలో కూడా ఏమీ ఉండదు."

"జనం తిన్నారయ్యా. నా బిడ్డల మీద ఒట్టు."

"జనం తినలేదంటారు. మీ ఇంట్లో తింటారా?"

"నా పొయ్యి మీద గోధుమ ఎక్కదు!" అన్నాడు నాయన. అలవాటుగా వచ్చేసింది ఆ మాట.

"అదే చెప్తా ఉండాను. మీరే తినరు. ఇంగ ఊరంతా తినిందని ఎట్లా రాసేది?"

నాయన నా కళ్ల ముందరే కుంచించుకుపోయాడు. నేను లేచాను.

"సార్, ఆ ఇరవై మూటలు నా పుస్తకంలో ఉండాయి."

అందరూ నావైపు తిరిగారు. నా గొంతు నాకే కొత్తగా ఉంది. రాగుల పుట తెరిచి చూపించాను. "ఊరికి వచ్చిన రాగులు అరవై రెండు. అది మీ కాగితంలోనే ఉండాది. ఇక్కడ ఆడింది ఎనభై రెండు. ఎక్కువైన ఇరవై గోధుమే. రాగుల్లో కలిపి తెస్తారు. నేను రాగులని రాసినాను."

రామచంద్ర కాగితాలు తిప్పాడు. "రాగుల లెక్క నాది కాదు, వేరే ఆయన చూస్తాడు" అని గొణిగాడు. రెండు పుటలు పక్కపక్కన పెట్టుకుని వేలితో ఒకసారి ఇటు, ఒకసారి అటు చూశాడు. "కాగితం మీద సరిపోతాది. కన్నుకు కనపడాల గదమ్మా."

ఆ పొద్దున ఆడిన పిండి డబ్బా మూలన ఉంది. వంటింట్లోకి పోయి మేకు మీది జల్లెడ దించాను. అమ్మ నా మణికట్టు పట్టుకుంది. కాసేపుండి తనే వదిలింది. మిల్లులోకి వచ్చి, గోనెపట్ట పరిచి జల్లించాను. నల్లటి పిండి కిందికి రాలింది. జల్లెడలో ఎర్రెర్రని గోధుమ పొట్టు మిగిలింది, పలచటి రేకులు, గుప్పెడు. రామచంద్ర చిటికెడు తీసి అరచేతిలో నలిపాడు.

"వచ్చే డబ్బాలన్నింట్లో ఇట్లే ఉండాదా?"

"కొన్నింట్లో నాలుగో వంతు. కొన్నింట్లో సగం."

బయట ఒక డబ్బా మూత కింద పడి దొర్లింది. ఎవరూ తీయలేదు.

"ఈ డబ్బా ఎవరిది?"

"మాదే."

నాయన నన్ను చూడలేదు. జల్లెడను చూశాడు. నాలుకతో పళ్లు తడుముకున్నాడు, అక్కడ ఇంకా ఏదో మిగిలి ఉన్నట్టు.

"ఎప్పటినుంచి?" రామచంద్ర రాసుకుంటూ అడిగాడు.

"ఇప్పుడు నెలగా కొంచెమే. ఇంట్లో మిగిలింది."

"మొదలుపెట్టింది ఎప్పుడు?"

"శివరాత్రి నుంచి."

"ఎవరు కలిపేది?"

"అమ్మ."

ఆయన అది కూడా రాసుకున్నాడు. ఆయనకు అదొక గడి, నిండాలి. అన్న బెల్టు మీది చేయి తీసేశాడు.

"ఉగాదికి ముందరనా?" అన్నాడు.

"ముందరే" అన్నాను. "నెల ముందర."

వంటింటి తలుపు సందున కనపడుతున్న కొంగు అట్లే ఉంది, కదల్లేదు. రామచంద్ర నా చేత సంతకం పెట్టించుకున్నాడు. ముత్యాల్లాంటి అక్షరాలు అన్నాడు.

పక్షం దినాలకు గోధుమ లారీ వచ్చింది. నాయన పేరు మీద మచ్చ రాలేదు. కానీ ఆనాటి నుంచి మా మిల్లుకు జనం తగ్గారు. ఒక్కొక్కరే డబ్బా నెత్తిన పెట్టుకుని, రెండు మైళ్లు నడిచి రాబర్ట్‌సన్‌పేట మిల్లుకు పోయేవాళ్లు. తాయమ్మ ఒకసారి రోడ్డు మీద నన్ను ఆపింది. "నా డబ్బాలో చేయి పెట్టేదానికేనా అమ్మణ్ణీ నిన్ను సదివించింది?" అంది. కోపంగా కూడా అనలేదు. డబ్బా ఈ నెత్తి నుంచి ఆ చంకకు మార్చుకుని పోయింది. ఆమె పిల్లకు ఆ వారం గోధుమ దొరికిందని నాకు తెలుసు. ఆమెకూ తెలుసు. అదంతా తర్వాతి మాట.

ఆ దినం రామచంద్ర పోయాక మధ్యాహ్నమైంది. ఆడవాళ్లు డబ్బాలు ఆడించుకోకుండానే పోయారు. గనిలో షిఫ్టు మారే కూత వినపడింది. అమ్మ ఎప్పటిలాగే పీటలు వేసి, కంచాలు పెట్టి, ముద్దలు వడ్డించింది. ఆ పిండితోనే. వేరే పిండి ఇంట్లో లేదు.

నాయన కంచం ముందర కూర్చున్నాడు. మొదటి ముద్దకు ముందు ఎప్పుడూ అనే మాట అనలేదు. తుంచాడు, చారులో ముంచాడు, మింగాడు. మళ్లీ తుంచాడు. గొంతులో ఆ ముద్ద దిగడం నాకు కనపడుతోంది. తల ఎత్తకుండా కంచం ఖాళీ చేస్తున్నాడు. అమ్మ చారు గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. ఉగాదినాడు నిలబడ్డ చోటే.

అన్న పీట మీద కూర్చోలేదు. మిల్లు స్విచ్చు తీసి, పెరట్లో చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని వచ్చాడు. మిల్లులోకి పోయి, నేను గోనెపట్ట మీద వదిలేసిన జల్లెడ తెచ్చాడు. వాకిలి దగ్గర మెట్టు అంచుకు రెండుసార్లు తట్టాడు. పొట్టు రాలింది. జల్లెడ కళ్లలో ఇరుక్కున్నది గోటితో ఒక్కొక్కటీ తీశాడు. భుజం మీది తువ్వాలులో జల్లెడ చుట్టి చంకన పెట్టుకున్నాడు.

"ప్రాణేశా, ముద్ద చల్లారతాది" అంది అమ్మ.

నాయన చేయి కంచంలోనే ఆగింది. అన్న చెప్పులు తొడుక్కున్నాడు. అమ్మ వైపు చూడలేదు, నాయన వైపు చూడలేదు. నన్ను ఒక్కసారి చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. మెట్లు దిగి, మాస్తి వైపు పోయే బస్సు ఆగే చోటికి, లైన్ల పక్కగా ఎండలో నడిచిపోయాడు.